అత్త కారు ఓడ ఎక్కిన రోజు

మా తాత రైల్వే గార్డు. బదిలీ అయినప్పుడల్లా ఇంటి సామాను కోసం రైల్వే ఆయనకు ఒక వ్యాగన్ ఇచ్చేది. దాన్ని నింపడం మా ఇంట్లో ఒక విద్యలా ఉండేదట. మంచాలు పక్కవాటుగా నిలబెట్టి, వాటి సందుల్లో బిందెలు, బిందెల్లో బియ్యం, బియ్యంలో గాజు గ్లాసులు పెట్టేవారు. అడుగున వంటచెరకు పరిస్తే దానిమీద కోళ్ళగంప కుదురుగా కూర్చునేది. చెయ్యి పట్టేంత ఖాళీ కనిపించినా తాత వ్యాగన్ తలుపు వేయనిచ్చేవాడు కాదట. అలా సర్దిన వ్యాగన్లలో మా నాన్న పెరిగాడు. పెద్దయ్యాక బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో చేరి ఒకే క్వార్టర్‌లో స్థిరపడినా ఆ బుద్ధి పోలేదు. గోల్‌బజార్‌కు రెండు ఉల్లిపాయల కోసం వెళ్ళినా సంచీ నిండందే ఇంటిముఖం పట్టేవాడు కాదు.

అందుకే, ఎనభైల చివర్లో పోర్ట్ బ్లెయిర్ నుంచి మా పెద్దత్త తన కారును ఓడలో కలకత్తా తెచ్చుకుంటానని ఉత్తరం రాసినప్పుడు, వద్దని నాలుగుసార్లు జవాబు రాసి, ఇక ఆమె వినదని తేలాక, అయిదోసారి నాన్న రాసిన మాట ఒక్కటే. అప్పా, కారు ఖాళీగా రానియ్యకు.

పెద్దత్త నాన్నకు అక్క, ఆయన పిలుపులో అప్ప. నర్సు చదివి, చిన్న వయసులోనే అండమాన్ ఆస్పత్రి ఉద్యోగానికి వెళ్ళింది. రెండు మూడేళ్ళు ఉండి వచ్చేద్దామని వెళ్ళి, సర్వీసు మొత్తం అక్కడే చేసింది. పెళ్ళి చేసుకోలేదు. దీవి విడిచి వెళ్ళిపోతున్న ఒక డాక్టరు దగ్గర పాత ఆకుపచ్చ కారు కొని, ఆ కొండ రోడ్ల మీద నడపడం నేర్చుకుంది. ఇప్పుడు రిటైరై మా ఇంటికి వస్తోంది. నాన్న పక్క వరండాకు రేకులు కొట్టి, సున్నం వేసి ఆమెకోసం గది చేశాడు. అమ్మ కొత్త కర్టెన్ కుట్టింది. కారు మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు. చర్చి నడిచిపోయే దూరం, బజారుకు రిక్షాలున్నాయి, ఆస్పత్రి రైల్వేది. ఇంకెందుకు కారు అన్నది అందరి మాట. కారు వస్తేనే నేనొస్తానని అత్త రాసింది. నాన్న ఆ ఉత్తరం చదివి నవ్వాడు. రెండోసారి చదివి నవ్వలేదు.

సామాను సర్దడానికి, దారిలో తోడుకు ఒక మనిషి కావాలి. నాన్నకు సెలవు దొరకలేదు. అమ్మకు పడవ పేరు చెప్తేనే కడుపులో తిప్పుతుంది. అత్త నన్నే అడిగింది. మాట్లాడని పిల్లను పంపండి, మాట్లాడేవాళ్ళతో పని సాగదు అని రాసింది.

అది నిజమే. బి.ఏ. పూర్తిచేసి ఇంట్లో ఉన్నాను. కాలేజీలో హాజరు పిలిస్తే నా జవాబు నాకే వినిపించేది కాదు, అందుకు రెండుసార్లు రానట్టు రాశారు. గోల్‌బజార్‌లో రిబ్బన్ కావాలంటే వేలితో చూపించేదాన్ని. ఇంటికి చుట్టాలొస్తే పుస్తకం పట్టుకుని వంటింటి వెనక మెట్ల మీద కూర్చునేదాన్ని. నా తరఫున మాట్లాడే పని అమ్మది. రాత్రి డైరీలో మాత్రం పేజీలు నిండేవి. అలాంటి నన్ను, దీవికి తిరిగి వెళ్తున్న మా చర్చివాళ్ళ కుటుంబంతో ఓడ ఎక్కించారు. నాలుగు రోజులూ నా బెర్తులో పడుకుని లైబ్రరీ పుస్తకం చదువుతూ వెళ్ళాను. సముద్రం కంటే ఆ పుస్తకమే ఎక్కువ గుర్తుంది.

అత్త ఇల్లు ఏటవాలు వీధిలో, పనస చెట్టు కింద. కారు చెట్టు నీడలో ఉండేది. నేను వెళ్ళిన మరునాడే ఇద్దరం పని మొదలుపెట్టాం. నాన్న చెప్పిన వ్యాగన్ విద్య నాకు కంఠతా వచ్చు. కాళ్ళు పెట్టుకునే చోట కుట్టుమిషను పైభాగం, దానిమీద దుప్పట్లు. వెనక సీటు మీద స్టవ్వు, కుక్కరు, ఇత్తడి బిందె. బిందెలో కప్పులు, కప్పుల్లో చెంచాలు. గోడగడియారాన్ని చీరలో చుట్టి దిండ్ల మధ్య పెట్టాం. డిక్కీలో అత్త పుస్తకాల పెట్టె, ముక్కాలి పీట, అద్దం. ఊరగాయ జాడీకి గుడ్డ కట్టి డ్రైవరు పక్క సీట్లో మనిషిలా కూర్చోబెట్టాం. చివర్లో అత్త చుట్టూ తిరిగి చూసి, వెనక అద్దంలోంచి ఏమీ కనపడడం లేదని నవ్వింది. నాన్న చూస్తే మెచ్చుకుంటాడని నాకు గర్వంగా ఉంది.

ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చున్నప్పుడు, కారు మీద ఇంత పట్టుదల ఎందుకని నేను అడగలేదు. అడగాలనుకున్నానని ఆమెకు తెలిసినట్టుంది.

"మీ అమ్మ మంచిది. మీ నాన్న మంచోడు," అంది అత్త. "మంచోల్ల ఇంట్లోనే మనిసికి ఇబ్బంది. ఆస్పత్రికెల్తానంటే తమ్ముడు సెలవెడతాడు ఉండప్పా అంటారు. సర్చికెల్తానంటే అందరం కలిసెల్దాం అంటారు. అలగ కూకోబెట్టి కూకోబెట్టి పీటలా సేసేస్తారు. నానూ ఆస్పత్రిలో ఎంతమంది ముసిలోల్లని సూడలేదేటి. నాకు కూడు కంటే ముందు నా తాళం నాకు కావాల."

ఆమె చేతిలో కారు తాళం ఉంది. మాట్లాడినంతసేపూ దాన్ని బొటనవేలితో తుడుస్తూనే ఉంది.

కారు కొంటానని ఒక కాంట్రాక్టరు కొన్ని వారాలుగా తిరుగుతున్నాడు. ఓడలో కారు పంపడం జరిగే పని కాదని, ఆఖరి నిమిషంలో తనకే అమ్ముతారని అతని ధీమా. అత్త పోర్టు ఆఫీసుకు మూడుసార్లు వెళ్ళి కాగితాలన్నీ చేయించింది. పెట్రోలు ట్యాంకు ఖాళీ చేయాలని, బ్యాటరీ తీగ ఊడదీయాలని వాళ్ళు చెప్పారు. లోపల ఏముంటుందని వాళ్ళు అడగలేదు, మేం చెప్పలేదు. ఎక్కడికైనా ఖాళీగా వెళ్ళే బండి ఉంటుందని మా వంశంలో ఎవరికీ తోచదు.

ఓడ రోజు పొద్దున అత్త క్వార్టర్ తాళం అప్పజెప్పి, జెట్టీ దాకా కారు తానే నడిపింది. ఊరగాయ జాడీని నేను ఒళ్ళో పెట్టుకున్నాను. మా ఇద్దరి సొంత పెట్టెలు కూలీలు ముందే ఓడ మీదికి చేర్చారు. జెట్టీ మీద క్రేను పనిచేస్తోంది. మాకంటే ముందు రెండు జీపులున్నాయి. నేల మీద పరిచిన తాళ్ళ వలల మీదికి జీపును నడిపించి, నాలుగు చక్రాలకూ వల తగిలించి, గాల్లోకి లేపి, ఓడ పొట్టలోకి దించుతున్నారు. అత్త పెట్రోలు తీయించి, బ్యాటరీ తీగ విప్పి, చేతులు తుడుచుకుంటూ నిలబడింది. అప్పుడు అట్టకు కాగితాలు తగిలించుకున్న గుమస్తా వచ్చి కారు అద్దంలోంచి లోపలికి చూశాడు.

"బహెన్‌జీ, యే గాడీ హై యా మాల్‌గాడీ?"

కారా, గూడ్సు బండా అని. అది వెటకారమే, కానీ రైల్వే ఇంటి పిల్లగా నాకు సిగ్గుతో చెవులు కాలాయి. మేం చేసింది అచ్చంగా అదే.

తర్వాత అతను వెటకారం మాని నెమ్మదిగానే చెప్పాడు. కారు గాల్లో ఉండగా లోపల సామాను ఒక పక్కకు జారితే వల ఒరుగుతుంది. పైగా కాగితంలో కారు అనే ఉంది, కుక్కరు అని లేదు. లోపల చెంచా ఉన్నా సంతకం పెట్టడు. ముందున్న రెండు జీపులూ ఎక్కేలోగా ఖాళీ చేస్తే సరే, లేదా కారును గేటు బయటికి నెట్టిస్తాడు. తీసిన సామాను క్రేను కింద వదలడానికి వీల్లేదు. జెట్టీ మీద ఏది మిగిలినా కారు కదలదు. సరుకుగా బుక్ చేద్దామంటే బుకింగ్ ముందురోజే మూసేశారు. మా టికెట్ల మీద పట్టే సామాను ఎప్పుడో ఓడలోకి వెళ్ళిపోయింది.

మళ్ళీ ఓడ ఎప్పుడంటే, వేసవి రద్దీ తగ్గాక చూడాలన్నాడు. అత్తకు ఇక ఇక్కడ ఇల్లు లేదు.

ఇద్దరం తలుపులు తెరిచి సామాను కింద పెట్టడం మొదలుపెట్టాం. లోపల ఇమిడినప్పుడు అంత కాస్తగా కనిపించింది, నేల మీద పరిస్తే ఒక ఇల్లంత ఉంది. మొదటి జీపు గాల్లోకి లేచింది. అంతలో కాంట్రాక్టరు వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు, బహుశా ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎంతో మర్యాదగా, దీదీ, ఇంత ఎండలో ఈ శ్రమ ఎందుకు, కారూ సామానూ అన్నీ నేనే తీసుకుంటాను, మీరు హాయిగా ఓడ ఎక్కండి అన్నాడు. అత్త అతని వైపు చూడలేదు. కుక్కరు చేతిలో పట్టుకుని నేల మీదున్న వాటిని చూస్తోంది. ఆమె చేతులు పని లేకుండా ఆగిపోవడం నేను చూడడం అదే మొదటిసారి. కారు వదిలి ఆమె కదలడానికి లేదు. కదిలితే అతను గుమస్తాతో మాట్లాడడం మొదలుపెడతాడు.

మిగిలింది నేనే.

జెట్టీ పక్కన పెద్ద రేకుల షెడ్డులో బెర్తు ప్రయాణికులు వరసలో కూర్చున్నారు. పొద్దున లోపలికి వస్తున్నప్పుడు అందులో సగం తెలుగు వినిపించింది. వేసవికి ఊళ్ళకు వెళ్తున్న శ్రీకాకుళం వైపు కుటుంబాలు. సామాను తక్కువున్న మనిషి ఒక్కో వస్తువు పట్టుకుంటే చాలు. అయితే అడగాలి. ముక్కూ మొహం తెలియని వాళ్ళను, ఒకరి తర్వాత ఒకరిని అడగాలి. బదులుగా వాళ్ళకు నేనేమివ్వగలను?

షెడ్డు దాకా నడుస్తుంటే ఆ జవాబు దొరికింది. కలకత్తాలో దిగినవాళ్ళు హౌరాలో మద్రాసు వైపు బండి ఎక్కుతారు. ఆ బండి మా ఊళ్ళో ఆగుతుంది. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళందరికీ ఒక అలవాటుంది. చుట్టాలెవరైనా ఆ దారిన వెళ్తున్నారని తెలిస్తే క్యారియరు నిండా అన్నం పట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి వెళ్తాం. బండి ఆగిన కాసేపట్లో కిటికీలోంచి అన్నం లోపలికి, కబుర్లు బయటికి. ఒక్కోసారి ముఖం కూడా చూడని దూరపు చుట్టాలకు అలా అన్నం పెట్టాం. క్యారియరు మోసే పని ఎప్పుడూ నాదే. మాట్లాడే పని అమ్మది.

షెడ్డులో మొదటి వరసలో గంప మీద చెయ్యి వేసుకుని ఒక ముసలావిడ కూర్చుంది. ఆమె ముందు నిలబడ్డాను. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి, ఎవరికోసం వెతుకుతున్నావమ్మా అంది. ఒక్కసారిగా అంతా చెప్పేశాను. కారు, క్రేను, సామాను, అత్త. చెప్పిన వరస కూడా సరిగ్గా లేదు. ఆమె మధ్యలో ఆపి, మీది ఏ ఊరని అడిగింది.

"ఖరగ్‌పూర్. మీ బండి మా ఊళ్ళో ఆగుతాది. ఒక్క వస్తువు అందాకా పట్టుకోండి. నేను అన్నం పట్టుకుని మీ రైలుపెట్టె దగ్గరికే వస్తాను."

"ఏటి కూర?"

"చేపల పులుసు."

"నాలుగు దినాలు సముద్రం మీద కూకోని, దిగీ దిగ్గానే మల్లీ సేపలేటే. పప్పు తే."

పప్పు తెస్తానన్నాను. ఆమె ఊరగాయ జాడీ తన వంతుకు తీసుకుంటానంది. అక్కడితో ఆగలేదు. పక్క వరసకు తిరిగి, ఈ గుంట ఖరగ్‌పూర్‌లో అందరికీ పప్పన్నం పెడుతుందట, తలో గిన్నె పట్టుకోండర్రా అని కేక వేసింది. నవ్వులు లేచాయి. మామూలుగా అయితే ఆ నవ్వులకు నేను షెడ్డు వెనకకు పారిపోయేదాన్ని. ఆ రోజు నవ్విన మనిషి దగ్గరికల్లా వెళ్ళాను. నవ్వినవాళ్ళు నా మాట విన్నట్టే కదా.

ఒక కొత్త పెళ్ళికూతురు అద్దం పట్టుకుంటానంది. అన్నదమ్ములిద్దరు కుట్టుమిషను మోయడానికి లేచారు. పుస్తకాల పెట్టె బరువు చూసి ముగ్గురు వద్దన్నారు, నాలుగో ఆయన బడి మాస్టారు, బరువు చూడకుండానే సరేనన్నాడు. మీసాలాయన ఒకడు మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను చెప్పిందంతా విని అడ్డంగా తలూపాడు.

"లోపలేటున్నాదో మాకేటి తెల్సు? రేపు కలకత్తా డాకుల్లో దిగినప్పుడు పోలీసులు పట్టుకుంటే నువ్వొస్తావేటి?"

న్యాయమైన మాటే. నేను జెట్టీ మీదికి పరుగెత్తి, గోడగడియారాన్ని చీరతో సహా తెచ్చి ఆయన ముందు విప్పాను. వెనక చెక్క తలుపు తీసి చక్రాలు చూపించాను. ఆయన గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, తన కండువాతో మళ్ళీ చుట్టాడు. అన్నంలోకి వంకాయ వేపుడు ఉంటే తేలేవా అన్నాడు.

మేం చీమల బారులా జెట్టీకీ షెడ్డుకూ మధ్య నడిచాం. రెండో జీపు ఓడలోకి దిగేసరికి క్రేను కింద మా వస్తువులేవీ లేవు. గుమస్తా కారు చుట్టూ తిరిగి, సీట్ల కింద చెయ్యి పెట్టి చూశాడు. ఒక చెంచా దొరికింది. దాన్ని అత్త చేతిలో పెట్టి సంతకం చేశాడు. కాంట్రాక్టరు ఎప్పుడు వెళ్ళిపోయాడో చూడలేదు.

కారు వలలో లేచినప్పుడు ఖాళీ కారు కాబట్టి నిటారుగా, తేలికగా లేచింది. చక్రాలు కిందికి వేలాడుతున్నాయి. అత్త తలపైకెత్తి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని చూసింది. అది ఓడ లోపలికి దిగి కనపడకుండా పోయాక, పదమంది.

ఆ నాలుగు రోజులూ నేను పుస్తకం తెరవలేదు. రోజుకొకసారి మా వస్తువులున్న బెర్తులన్నీ తిరిగి వచ్చేదాన్ని. వస్తువుల కోసమని వెళ్ళేదాన్ని గానీ, వాళ్ళు కూర్చోబెట్టి మాట్లాడించేవాళ్ళు. రైల్లో ఎవరిది ఏ పెట్టె, ఏ నంబరు అన్నీ అడిగి తెలుసుకున్నాను. చాలామందికి ఒకే బండిలో టికెట్లున్నాయి, ఓడ చేరిన మరునాడు మధ్యాహ్నం హౌరాలో బయల్దేరేది. ఓడ మీద నా పేరు కారు పాప అయిపోయింది.

కలకత్తాలో ఓడ ఆగిన ఖిద్దర్‌పూర్ డాకులో నాన్న ఎదురుచూస్తున్నాడు. కారు ఆ రోజు బయటికి రాదని, ముందు పైనున్న సరుకు దించాలని చెప్పారు. నాన్న వెంటనే తన ఆలోచన చెప్పాడు. కారును షాలిమార్ యార్డుకు తీసుకెళ్ళి వ్యాగన్ ఎక్కిస్తే ఖరగ్‌పూర్‌లోనే దించుకోవచ్చు, మన రైల్వే ఉండగా రోడ్డు మీద ఎందుకని. అత్త, తమ్ముడూ, ఒకసారి ఎక్కించినాను సాల్లే అంది. తర్వాత నా వైపు తిరిగి, నువ్వు ఇప్పుడే లోకల్ పట్టుకుని ఇంటికి పో అంది. ఒక్కతే ఎలా వెళ్తుందని నాన్న అన్నాడు.

"మాటిచ్చింది అది. అన్నం ఎట్టాల్సిందీ అదే," అంది అత్త. "కారు సంగతి నాను సూసుకుంటాను."

ఎంతమందికి వండాలని అమ్మ అడిగింది. ఓడలో సగానికని చెప్పాను. అమ్మ నన్ను వింతగా చూసింది, అన్నం సంగతికి కాదనుకుంటాను, నేను గుమ్మంలో నిలబడి అంత గట్టిగా చెప్పినందుకు. తెల్లవారి లేచి పప్పు ఉడికించాం, వంకాయలు వేయించాం. మా వరసలో ప్రతి క్వార్టర్‌కూ వెళ్ళి క్యారియర్లు అడిగి తెచ్చాను. పక్కింటి బెంగాలీ దీదీ తన స్టీలు క్యారియరుతో పాటు పప్పులోకి నిమ్మకాయలు కూడా ఇచ్చింది. ఎన్నో ఏళ్ళు పక్కనే ఉన్నా ఆమె వాకిట్లోకి ఒంటరిగా వెళ్ళడం నాకదే మొదలు.

మా ప్లాట్‌ఫారం ఒక చివర నిలబడితే రెండో చివర మనిషి ఆనడు. బండి పెట్టెలు ఎక్కడెక్కడ ఆగుతాయో ముందే కూలీ దాదాను అడిగి, క్యారియర్లు చోటుకొకటి పెట్టి, అమ్మను మధ్యలో నిలబెట్టాను. బండి వచ్చింది. ముసలావిడ కిటికీలోంచే కనిపించింది. అన్నం అందుకుని, ఊరగాయ జాడీ కడ్డీల సందున పట్టక, తలుపు దగ్గరికి మోసుకొచ్చింది. తేలిగ్గా ఉంది. ఓడ కూడు సప్పగా ఉన్నాదమ్మా, సగం తినేసినాం అంది. అద్దం వచ్చింది, బిందె వచ్చింది, కుట్టుమిషను వచ్చింది. మాస్టారు పుస్తకాల పెట్టె దించి, పైన ఉన్నదొకటి చదివానని, ఏమీ అనుకోవద్దన్నాడు. గడియారం మాత్రం కనిపించలేదు. చెప్పిన పెట్టెలో మీసాలాయన లేడు. నేను వేపుడు క్యారియరు పట్టుకుని ఒక్కో కిటికీలోకి చూస్తూ పరుగెత్తాను. జనంలో, కూతల్లో, గొంతెత్తి గడియారం, గడియారం అని అరిచాను. నా గొంతు అంత దూరం వెళ్తుందని నాకు తెలియదు. వెనకనుంచి ఎవరో భుజం తట్టారు. ఆయనే. నన్ను వెతుక్కుంటూ ఎప్పుడో దిగి అటు చివరదాకా పోయి వస్తున్నాడు. కండువాతో సహా గడియారం నా చేతుల్లో పెట్టి, క్యారియరు లాక్కుని, కదులుతున్న బండి ఎక్కాడు. దీదీ క్యారియరు అలా విజయనగరం వెళ్ళిపోయింది. ముక్కాలి పీట ఎవరి దగ్గరుందో ఇప్పటికీ తెలియదు.

మరునాడు సాయంత్రం కారు వచ్చింది. అత్త డాకు నుంచి హౌరా వంతెన మీదుగా, బొంబాయి రోడ్డు పట్టుకుని తానే నడిపింది. నాన్న వెనక సీట్లో కూర్చున్నాడట. కోలాఘాట్ వంతెన దాకా కళ్ళు తెరవలేదని అత్త అంది, ప్రార్థన చేసుకుంటున్నానని నాన్న అన్నాడు. క్వార్టర్ల వరసంతా గుమ్మాల్లోకి వచ్చింది. అత్త కారును మా వేపచెట్టు పక్కగా ఒకే తిప్పుకు పెట్టి, దిగి, తలుపు తాళం వేసింది.

మా ఇంట్లో గుమ్మం పక్కన ఒక మేకుంది. సైకిలు తాళం, బీరువా తాళం, బయటి తలుపు తాళం, అన్నీ దానికే తగిలిస్తాం. అమ్మ అలవాటుగా చెయ్యి చాచి, ఇలా ఇవ్వండి వదినా, మేకుకు పెడతాను అంది. అత్త మేకు వైపు చూసింది. అమ్మ భుజం మీద చెయ్యి వేసి ఆ మేకు బాగుందని చెప్పి, తాళాన్ని బొడ్డుసంచిలో వేసుకుంది. అమ్మ చాచిన చేతిని వెనక్కి తీసుకోవడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత కాళ్ళకు నీళ్ళు తెచ్చింది.

ఆదివారం పొద్దున, చర్చి అయ్యాక, నాన్న కారు చుట్టూ తిరుగుతూ, అప్పా, గోల్‌బజార్ వైపు ఎల్తన్నావేటి అని అడిగాడు. మా నాన్న ఇంట్లో ఒకరిని అలా అడగడం నేను వినలేదు. ఎప్పుడూ చెప్పడమే. ఝపటాపూర్‌లో ఎవరో పాత పేషెంటు చుట్టాలున్నారని, వాళ్ళను చూసి బజారు మీదుగా వస్తానని అత్త చెప్పింది. నాన్న లోపలికి వెళ్ళి, కిరసనాయిలు డబ్బా, రెండు ఖాళీ గోతాలు, కేను ఊడిపోయిన కుర్చీ పట్టుకొచ్చి వెనక తలుపు దగ్గర పెట్టాడు. తాళం అత్త దగ్గరుంది కాబట్టి నిలబడ్డాడు.

"అయన్నీ అక్కడెట్టు తమ్ముడూ," అంది అత్త. "ఈ బండి ఖాళీగానే ఎల్తాది."

నాన్న డబ్బా, గోతాలు, కుర్చీ వరండాలోకి చేర్చి వచ్చి, అయితే మనుషులు ఎక్కొచ్చా అన్నాడు. అత్త ముందు నా వైపు తలుపు తీసింది, తర్వాత ఆయన వైపుది.

ఖరగ్‌పూర్ రోడ్ల మీద ఒక ఖాళీ కారులో ముందు సీట్లో కూర్చోవడం నాకు అంతకుముందు తెలియదు. వెనక అద్దంలో రోడ్డంతా కనిపిస్తోంది.